బెజవాడ శ్లాబు మీద పీడీఈ లైబ్రరీలు: ఏది పట్టుకోవాలి, ఏది వదిలేయాలి

పాక్షిక అవకలన సమీకరణాలు, అంటే కాలేజీలో మనం పీడీఈలు అని భయపడే సరుకు, కంప్యూటర్లో సాల్వ్ చేయడానికి ఉచిత లైబ్రరీలు, అంటే రెడీమేడ్ కోడ్ మూటలు, బోలెడు ఉన్నాయి. వాటి మీద ఇంగ్లీషులో రివ్యూలకీ కొదవ లేదు. కాకపోతే ఆ రాసేవాళ్లకి వందల కోర్ల క్లస్టర్ ఉంటుంది, డౌటొస్తే అడగడానికి ఆ లైబ్రరీ రాసినాయనే పక్క గదిలో ఉంటాడు. గుంటూరులో ఎంటెక్ ప్రాజెక్టు చేసే కుర్రాడి దగ్గర ఉండేది 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్, దగ్గర పడుతున్న రివ్యూ డేటు, "ఏదో ఒకటి రన్ చేసి తీసుకురా" అనే గైడు. నేను బ్రాడీపేటలో కూర్చుని బిల్డింగులకీ కోల్డ్ స్టోరేజీలకీ వేడి లెక్కలు కట్టేవాణ్ణి, ఈ పిల్లలు తరచూ నా దగ్గరికే వస్తుంటారు కాబట్టి వాళ్ల వైపు నుంచే రాస్తున్నాను. తీర్పు ముందే చెప్పేస్తా: మొదట ఫ్రీఫెమ్ పట్టుకోండి, పీహెచ్‌డీ లేదా ఉద్యోగం దాకా వెళ్లాలంటే ఫెనిక్స్‌ఎక్స్ నేర్చుకోండి, సీ ప్లస్ ప్లస్ అంటే నిజంగా ఇష్టం ఉంటేనే డీల్ టూ జోలికి వెళ్లండి.

పోల్చడానికి నేను వాడే సమస్య ఒకటే, శ్లాబు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గదా, ఆ రోజుల్లో బెజవాడలో పై అంతస్తులో ఉండేవాళ్లకి దీని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండ తగ్గాక కూడా ఫ్యాను వేస్తే వేడిగాలే దిగుతుంది. 5 అంగుళాల శ్లాబు, అంటే సుమారు 125 మిల్లీమీటర్లు; కాంక్రీటులో వేడి పాకే గుణకం సెకనుకి 0.7 చదరపు మిల్లీమీటర్లు అనుకుందాం. రోజువారీ ఎండని ఒక సైన్ వేవ్‌గా తీసుకుంటే పైన వేడి గరిష్ఠానికి చేరిన దాదాపు 3 గంటల తర్వాత గానీ సీలింగు గరిష్ఠానికి చేరదు. ఇది కాగితం మీద కట్టగలిగిన జవాబు, అందుకే ఈ సమస్య నాకిష్టం: లైబ్రరీ ఏం చెప్పినా దాన్ని నిలదీయడానికి మన దగ్గర ఒక అంకె ఉంటుంది. ఇక శ్లాబు కింద బీము కలిస్తే టూడీ అవుతుంది, కాగితం అక్కడ చేతులెత్తేస్తుంది, లైబ్రరీ అవసరం అక్కడ మొదలవుతుంది.

ఆ ముందు దశకి, అంటే బీము లేని వన్‌డీ శ్లాబుకి, ఏ లైబ్రరీ అక్కర్లేదు. పైథాన్‌లో అంకెల లెక్కలు చేసే నమ్‌పై ఉంటే చాలు, 20 లైన్లలో ఫైనైట్ డిఫరెన్స్ (శ్లాబుని ముక్కలుగా కోసి పక్కపక్క ముక్కల తేడాలతో లెక్క కట్టే పద్ధతి) రాసుకోవచ్చు. ఈ మెట్టు దాటేసి నేరుగా పెద్ద లైబ్రరీకి దూకినవాళ్లు తర్వాత టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో గంతుకి ముందుకి జరిగే సమయం) దగ్గర బోల్తా పడతారు. శ్లాబుని 5 మిల్లీమీటర్ల ముక్కలుగా కోస్తే మామూలు ఎక్స్‌ప్లిసిట్ పద్ధతికి (ఇప్పటి ఉష్ణోగ్రతల నుంచే తర్వాతవి నేరుగా లెక్కేసేది) టైమ్ స్టెప్ దాదాపు 18 సెకన్లు దాటకూడదు, ముక్క సగం చేస్తే స్టెప్ నాలుగో వంతుకి పడిపోతుంది. మా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి "నిమిషం స్టెప్ పెడితే ఏమవుద్దన్నా" అన్నాడు, పెట్టి చూడమన్నాను. సిమ్యులేషన్‌లో పావుగంట గడవకముందే వాళ్ల డాబా సూర్యుడి ఉపరితలం కంటే వేడెక్కింది. కూరెంట్, ఫ్రెడరిక్స్, లెవీ 1928 లోనే టైమ్ స్టెప్ హద్దుల గురించి రాశారు, క్రాంక్, నికల్సన్ 1947 లో వేడి సమీకరణానికి ఈ గొడవ లేని పద్ధతి చెప్పారు, ఇవన్నీ సిలబస్‌లో ఉన్నవే. కానీ ఆ డాబా అంకెలు స్క్రీన్ మీద పేలిపోవడం చూశాక ఆ అబ్బాయికి ఇంప్లిసిట్ (తర్వాతి ఉష్ణోగ్రతలన్నిటినీ ఒకేసారి కలిపి సాల్వ్ చేసేది) అన్న మాటకి అర్థం మళ్లీ చెప్పాల్సిన పని రాలేదు.

ఇక ఫ్రీఫెమ్. దీని మూలం 1987 లో పారిస్‌లో ఒలివియే పిరొనో రాసిన మాక్‌ఫెమ్, ఆ తర్వాత ఫ్రెడెరిక్ ఎష్ట్ దశాబ్దాలుగా పెంచుకుంటూ వచ్చాడు. వెబ్‌సైటు పాతకాలం వాసన కొడుతుంది, పైథాన్ కాదు, దానికంటూ సీ ప్లస్ ప్లస్ లాంటి సొంత భాష ఒకటి ఉంది. మన పిల్లలు ఇది చూడగానే "పైథాన్ కాదా, అయితే రెజ్యూమేలో పనికిరాదు" అని పక్కన పెట్టేస్తారు. నా మట్టుకు దీనికి రావలసిన పేరు రాలేదు. విండోస్‌లో మామూలు ఇన్‌స్టాలర్, డబుల్ క్లిక్, అయిపోయింది. శ్లాబు, బీము గీతలు గీసి మెష్ (చిన్న త్రిభుజాల వల) చేయమంటే అదే చేస్తుంది, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మీ నోటుబుక్కులో వీక్ ఫామ్ (సమీకరణాన్ని ఇంటెగ్రల్‌గా మార్చిన రూపం) ఎలా రాసుకున్నారో దాదాపు అలాగే టైపు చేస్తారు. ఫైనైట్ ఎలిమెంట్ (మెష్‌లోని చిన్న ముక్కల మీద జవాబుని అతికించుకుంటూ పోయే పద్ధతి) అంటే ఏంటో చేతికి తెలియాలంటే ఇంతకంటే దగ్గర దారి నాకు కనపడలేదు.

చిక్కులు లేవని కాదు. గీతలు గీసేటప్పుడు లోపలి భాగం ఎప్పుడూ మీ ఎడమ చేతి వైపు ఉండాలి, తిరగేసి గీస్తే మెష్ రాదు, లేదా బీము ఉండాల్సిన చోట రంధ్రం వస్తుంది. 1/3 అని రాస్తే సున్నా అవుతుంది, చుక్క పెట్టి 1./3 అని రాయాలి. ఇంకోటి, డిరిక్లే కండిషన్ (అంచు మీద ఉష్ణోగ్రత ఇంత అని కట్టేయడం) పెట్టినప్పుడు ఫ్రీఫెమ్ డిఫాల్టుగా మ్యాట్రిక్సులో ఆ అడ్డు వరస డయాగనల్‌లో 10 ఘాతం 30 అనే అంకె కూర్చోబెట్టి పని కానిచ్చేస్తుంది. మోటు పద్ధతే గానీ డైరెక్ట్ సాల్వర్‌తో (సమీకరణాలన్నీ ఒక్కసారే తేల్చేసేది) చక్కగా నడుస్తుంది. ఇటరేటివ్ సాల్వర్‌కి (ఒక ఊహని మెల్లగా సరిచేసుకుంటూ పోయేది) వెళ్లినప్పుడు మాత్రం అది సతాయించొచ్చు, అప్పుడు టీజీవీ అనే ఆప్షన్‌ని మైనస్ 1 చేస్తే ఆ అంకె పోయి వరస శుభ్రంగా రాసుకుంటుంది. ఇలాంటివి తెలియక "ఫ్రీఫెమ్ తప్పు జవాబిస్తుంది" అనేవాళ్లని చూశాను.

ఫ్రీఫెమ్ ఒక్కదానికే కాదు, ఫైనైట్ ఎలిమెంట్ లైబ్రరీలన్నిటికీ వర్తించే మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికొచ్చే ప్రాజెక్టుల్లో ఎక్కువ వాటికి తగిలే జబ్బు ఇదే. మీరు ఒక అంచు మీద ఏ కండిషనూ రాయకపోతే ప్రోగ్రామ్ ఆగదు, ఎర్రర్ రాదు. ఆ అంచులోంచి వేడి అస్సలు పోదని, అంటే అక్కడ పక్కాగా ఇన్సులేషన్ ఉందని అనుకుని చక్కటి రంగుల బొమ్మ ఇస్తుంది. ఫైనైట్ వాల్యూమ్ (ఒక్కో గడిలోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది అని లెక్క చూసే పద్ధతి) వాడే ఫైపై లైబ్రరీలో కూడా డిఫాల్ట్ ఇదే. సీలింగు వైపు గాలికి వేడి పోయే పదం రాయడం మరిచిపోతే గది వైపు థర్మోకోల్ షీటు అంటించినట్టే లెక్క. బొమ్మ నున్నగా, అందంగా, పూర్తిగా అబద్ధంగా వస్తుంది, రివ్యూలో మార్కులు కూడా పడిపోతాయి. డాబా వైపు అయితే అసలు కథంతా ఆ అంచులోనే ఉంది. ఎండ చదరపు మీటరుకి 900 వాట్లు, గాలికి పోయే గుణకం 20 అనుకోండి. మామూలు సిమెంటు డాబా ఎండలో 0.7 వంతు పీల్చుకుంటే, తెల్ల కూల్ రూఫ్ పెయింటు వేసింది 0.3 వంతు పీల్చుకుంటే, శ్లాబుకి తగిలే ఎండ ప్రభావంలో తేడా 18 డిగ్రీలు. కోడ్‌లో మార్చేది ఒకే ఒక్క అంకె. ఏ లైబ్రరీ అయినా ఈ అంకెని మార్చడం ఎంత సులువు, ఎక్కడ రాయాలో మాన్యువల్లో వెతకడానికి ఎంతసేపు పట్టింది, ఇదీ నా మొదటి పరీక్ష. ఫ్రీఫెమ్‌లో అది అంచు మీద ఒక ఇంటెగ్రల్, అంతే.

ఫెనిక్స్ దగ్గరికొద్దాం. 2003 లో షికాగో యూనివర్సిటీ, స్వీడన్‌లోని చామర్స్ కలిసి మొదలుపెట్టిన ప్రాజెక్టు. సమీకరణాన్ని పైథాన్‌లో గణితం లాగా రాస్తే అది వెనకాల దానికి తగ్గ సీ కోడ్ తనే పుట్టించి కంపైల్ చేసుకుని నడుపుతుంది. రాయడానికి హాయి, నడవడానికి వేగం, రెండూ కుదిరాయి. కింద సాల్వర్ల పని పెట్సీ చూసుకుంటుంది, అది అమెరికా ఆర్గోన్ లేబొరేటరీది, ఈ రంగంలో సగం లైబ్రరీలు దాని భుజాల మీదే నిలబడ్డాయి. పని తెలిసినవాడి చేతిలో ఇది బంగారం. నేను బిల్లు వేసే పనుల్లో ఎక్కువ భాగం ఇప్పుడు దీని మీదే నడుస్తున్నాయి.

మరి మొదట ఇదే ఎందుకు పట్టుకోవద్దంటున్నాను? వెర్షన్ల గందరగోళం. పాత ఫెనిక్స్ 2019 వెర్షన్‌తో ఆగిపోయింది. కొత్తది ఫెనిక్స్‌ఎక్స్, దాంట్లో మనం వాడే ముఖం డోల్ఫిన్‌ఎక్స్, కోడ్ దాదాపు మొదటి నుంచీ తిరగరాసిందే. కానీ గూగుల్‌లో వెతికితే ముందు తగిలేది లాంగ్‌టాంగెన్, లాగ్ అనే ఇద్దరు పాత ఫెనిక్స్ కోసం రాసిన ట్యుటోరియల్, ఆ కాలం నాటి ప్రశ్నలు, జవాబులు. చాట్‌బాట్‌ని అడిగినా పాతదీ కొత్తదీ కలిపి వడ్డిస్తుంది. ఆ కోడ్ కాపీ చేసి కొత్తదాంట్లో వేస్తే మొదటి లైనులోనే ఆగిపోతుంది. కొత్తదాంట్లో కూడా పేర్లు మారుతూనే ఉన్నాయి, ఫంక్షన్‌స్పేస్ అని పెద్ద అక్షరాలతో ఉండేది చిన్న అక్షరాలకి మారింది, వెర్షన్ నంబరు ఇంకా సున్నాతోనే మొదలవుతోంది అంటే ఇంకా మారుస్తాం అని వాళ్లు చెప్తున్నట్టే లెక్క. లైబ్రరీ వాళ్లని తిట్టి లాభం లేదు, వాళ్లు మంచి కారణాలతోనే మార్చారు, పారలల్‌గా నడవడం, కాంప్లెక్స్ నంబర్లు, ఇవన్నీ కొత్తదాంట్లో బాగున్నాయి. కాకపోతే నెలలో ప్రాజెక్టు ఇవ్వాల్సినవాడికి ఆ మంచి కారణాలు అన్నం పెట్టవు. వాడాలనుకుంటే ఒక్కటే నియమం: యోర్గెన్ డొక్కెన్ డోల్ఫిన్‌ఎక్స్ ట్యుటోరియల్ ఒక్కటే తెరవండి, మీ దగ్గరున్న వెర్షన్‌కి అది సరిపోతుందో లేదో చూడండి, మిగతా ట్యాబులన్నీ మూసేయండి.

విండోస్‌లో దీనికి తేలికైన దారి డబ్ల్యూఎస్‌ఎల్, అంటే విండోస్ లోపల లైనక్స్. అది మామూలుగా మీ ర్యామ్‌లో సగం తీసుకుంటుంది, 8 లో 4. టూడీ శ్లాబుకి అది చాలా ఎక్కువ, త్రీడీలో బీములు, స్తంభాలు అన్నీ పెట్టి డైరెక్ట్ సాల్వర్‌తో నడిపితే మాత్రం మెమరీ చాలక మధ్యలో చచ్చిపోతుంది. ఎర్రర్ మెసేజ్ కూడా సరిగా ఇవ్వదు, "కిల్డ్" అని ఒక్క ముక్క, అంతే. ఇక్కడ ల్యాప్‌టాప్ మార్చక్కర్లేదు, సాల్వర్ మార్చాలి: వేడి సమీకరణానికి కాన్జుగేట్ గ్రేడియంట్ అనే ఇటరేటివ్ సాల్వర్, దాన్ని వేగం చేయడానికి తోడుగా హైపర్ లైబ్రరీలోని మల్టీగ్రిడ్. రెండు ఆప్షన్లు మారిస్తే అదే మెష్ అదే మిషన్‌లో నడుస్తుంది. ల్యాప్‌టాప్ మరీ నీరసంగా ఉంటే ఫెమ్ ఆన్ కోలాబ్ అని ఒకటుంది, గూగుల్ కోలాబ్‌లో డోల్ఫిన్‌ఎక్స్‌ని కంపైల్ చేసుకునే పని లేకుండా దింపుతుంది. పిల్లలకి నేను చూపించేది ముందు అదే. ఫైర్‌డ్రేక్ కూడా ఫెనిక్స్ లాగే సమీకరణం రాసే భాష వాడుతుంది, లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లది. వాతావరణం, సముద్రాల లెక్కలకీ, జవాబు నుంచి వెనక్కి వెళ్లి పరామితులు పట్టుకునే పనులకీ బాగుంటుంది. మన శ్లాబుకి అంత అక్కర్లేదు.

అసలు ఇన్‌స్టాలేషన్ అంటేనే విసుగొస్తే సైకిట్‌ఫెమ్ చూడండి. పూర్తిగా పైథాన్, నమ్‌పై, సైపై ఉంటే చాలు, పిప్ అనే పైథాన్ ఇన్‌స్టాల్ కమాండు కొడితే దిగిపోతుంది, కంపైలర్ గొడవే లేదు. అది మ్యాట్రిక్సు కట్టిచ్చి పక్కకి తప్పుకుంటుంది, సాల్వ్ చేసుకోవడం మీ పని. లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలనే కుతూహలం ఉన్నవాళ్లకి దీని కోడ్ చదవడమే ఒక పాఠం. పెద్ద సమస్యలకి నెమ్మదిస్తుంది, అంతే.

డీల్ టూ గురించి మర్యాదగా మాట్లాడాలి. బాంగెర్త్, కానషాట్, హార్ట్‌మన్ హైడెల్‌బెర్గ్‌లో మొదలుపెట్టింది, 2007 లో న్యూమరికల్ సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చే విల్కిన్సన్ ప్రైజ్ అందుకుంది. ఈ లైబ్రరీలన్నిట్లో డాక్యుమెంటేషన్ ఇంత శ్రద్ధగా రాసింది ఇంకోటి లేదు. స్టెప్-1, స్టెప్-2 అంటూ ఒక్కో పాఠం ఒక్కో ప్రోగ్రాము, ప్రతి లైను ఎందుకు రాశారో వివరణ. స్టెప్-26 మన వేడి సమీకరణమే, మెష్‌ని అవసరమైన చోటే చిన్నది చేసుకుంటూ పోతుంది. బీము మూల దగ్గర వేడి గీతలు ఒత్తుగా ఉన్నచోట ముక్కలు దానంతటవే చిన్నవవడం, శ్లాబు మధ్యలో పెద్దవిగా మిగలడం చూస్తే ముచ్చటేస్తుంది. బాంగెర్త్ వీడియో పాఠాలు కూడా ఉన్నాయి, లైబ్రరీ వాడకపోయినా ఫైనైట్ ఎలిమెంట్ అర్థం కావడానికి అవి చూడండి. కానీ సీ ప్లస్ ప్లస్ టెంప్లేట్లలో ఒక చిన్న తప్పు చేస్తే కంపైలర్ పేజీలకి పేజీలు తిడుతుంది, ఆ తిట్లలో అసలు తప్పు ఎక్కడుందో వెతుక్కోవాలి. లైబ్రరీని సోర్సు నుంచి కంపైల్ చేయాలంటే చిన్న ల్యాప్‌టాప్ మీద ఆశ పెట్టుకోవద్దు, ఉబుంటులో రెడీమేడ్ ప్యాకేజీ ఉంది, అది వేసుకోండి. రెండేళ్లు, మూడేళ్లు ఒకే సమస్య మీద కూర్చునేవాళ్లకి ఇది పెట్టిన కష్టానికి ఫలితం ఇస్తుంది.

గాలి, నీళ్లు పారే లెక్కలైతే దారి వేరు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో టిక్కీల (మిర్చి బస్తాల) వరసల మధ్య చల్లగాలి ఎక్కడ ఆగిపోతుంది, ఏ మూల టిక్కీలకి చల్లదనం ఆలస్యంగా చేరుతుంది, ఇలాంటివాటికి ఓపెన్‌ఫోమ్. 2004 నుంచి ఉచితంగా దొరుకుతోంది, ఉచిత సాఫ్ట్‌వేర్‌ని ప్రోత్సహించే ఐఐటీ బాంబే ఫాసీ ప్రాజెక్టు వాళ్లు మన దేశంలో దీని మీద బాగానే పని చేస్తున్నారు. దీంట్లోనూ రెండు శాఖలున్నాయి: ఫౌండేషన్ వాళ్లది 11, 12 అని నంబర్లతో వస్తుంది, ఈఎస్‌ఐ వాళ్లది 2312, 2406 అని సంవత్సరం, నెల కలిపి వస్తుంది. ఫౌండేషన్ వెర్షన్ 11 నుంచి సింపుల్‌ఫోమ్ లాంటి పాత సాల్వర్ల స్థానంలో ఫోమ్‌రన్ అనే ఒకే కమాండు వచ్చింది, కాబట్టి పాత వీడియో పెట్టుకుని కొత్త వెర్షన్ మీద కూర్చుంటే తికమక పడతారు. ఏది వేసుకున్నా సరే, వీడియో ఏ శాఖదో ముందు చూసుకోండి.

2024 సెప్టెంబరు వరద తర్వాత నన్ను ఎక్కువమంది అడిగింది వేరే ప్రశ్న. బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచెత్తింది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి, "ఇది మనం సిమ్యులేట్ చేయొచ్చా సార్" అని. చేయొచ్చు. అనుగ అనే లైబ్రరీ ఉంది, ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ, జియోసైన్స్ ఆస్ట్రేలియా కలిసి చేసింది, షాలో వాటర్ సమీకరణాల్ని (లోతు తక్కువ, విస్తీర్ణం ఎక్కువ ఉన్న నీటి పారుదలకి రాసినవి) త్రిభుజాల మెష్ మీద ఫైనైట్ వాల్యూమ్‌తో సాల్వ్ చేస్తుంది. పొడినేల మీదకి నీళ్లు ఎక్కడం, మళ్లీ దిగిపోవడం దీంట్లో బాగా కుదిరింది, చాలా లైబ్రరీలు తడబడేది అక్కడే. 2 మీటర్ల లోతు నీళ్లలో అల సెకనుకి 4.4 మీటర్లు పోతుంది, 10 మీటర్ల త్రిభుజాలైతే టైమ్ స్టెప్ సెకను లోపే ఉంటుంది, మంచి ల్యాప్‌టాప్ మీద ఇది జరిగే పనే. సమస్య లైబ్రరీది కాదు, నేలది. ఉచితంగా దొరికే శాటిలైట్ ఎత్తుల డేటా 30 మీటర్ల గడులు, నిలువులో తప్పు కొన్ని మీటర్ల దాకా ఉండొచ్చు. మనిషి నడుం లోతు నీళ్లు ఏ వీధిలోకి వచ్చాయో చెప్పాల్సిన చోట ఆ డేటాతో వచ్చే బొమ్మని కాలనీ వాళ్లకి చూపించి "మీ ఇల్లు సేఫ్" అనడం అన్యాయం. కట్టలు, రైల్వే లైను, కల్వర్టులు చేత్తో కొలిచి పెట్టుకోగలిగితేనే ఆ ప్రాజెక్టు తీసుకోండి.

చివరగా, ఈ మధ్య ప్రతి రెండో ప్రాజెక్టు టైటిల్లో కనపడే పిన్‌లు, అంటే న్యూరల్ నెట్‌వర్కుకి సమీకరణం నేర్పించి సాల్వ్ చేయించడం. 2019 లో రైసీ, పెర్డికారిస్, కార్నియడాకిస్ పేపరుతో ఊపందుకుంది, డీప్‌ఎక్స్‌డీఈ అనే లైబ్రరీ దీనికి బాగుంది, డాక్యుమెంటేషన్ కూడా శుభ్రంగా ఉంది. కానీ మన శ్లాబు లాంటి సమస్యకి, గుణకాలన్నీ తెలిసి ఉష్ణోగ్రత మాత్రమే కావాలన్నప్పుడు, ఫ్రీఫెమ్ క్షణాల్లో ఇచ్చేదాన్ని ఇది జీపీయూ మీద చాలాసేపు మరిగించి, అంతకంటే తక్కువ ఖచ్చితత్వంతో ఇస్తుంది. సీలింగులో నాలుగు సెన్సర్లు పెట్టి ఆ రీడింగుల నుంచి కాంక్రీటు గుణకం ఎంతో వెనక్కి లాగాలంటే అప్పుడు ప్రయత్నించొచ్చు, అక్కడ దీనికి కొంత పని ఉంది. ఏది వాడినా గైడు ముందుకి వెళ్లే ముందు ఒక్క పరీక్ష చేయించండి: చదరం మీద జవాబు సైన్ పై ఎక్స్ ఇంటూ సైన్ పై వై అని ముందే అనుకుని, దానికి తగ్గ సోర్సు పెట్టి సాల్వ్ చేయండి, మెష్ సగం చేసినప్పుడల్లా లీనియర్ ఎలిమెంట్లతో తప్పు నాలుగో వంతుకి తగ్గాలి. పిన్‌తో ఇలా తప్పు తగ్గే పట్టిక వేసి తీసుకురమ్మంటే చాలామంది మళ్లీ కనపడట్లేదు.